పాఠకుల ప్రశ్నలు – డాక్టరు జవాబులు: క్యాన్సర్ చికిత్సలో చర్మ సంరక్షణ

క్యాన్సర్ చికిత్స జరుగుతున్నప్పుడు చర్మానికి వచ్చే ఇబ్బందుల గురించి రాయమని గత సంచికలో కోరితే, తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకప్పుడు ఈ జబ్బుకు వేలూరుకో చెన్నైకో పోక తప్పేది కాదు. ఇప్పుడు తిరుపతిలోనే స్విమ్స్ ఉంది, 2022లో అలిపిరి దగ్గర మరో క్యాన్సర్ ఆసుపత్రి కూడా మొదలైంది. దాంతో చాలామంది ఇంటి నుంచే వచ్చిపోతూ చికిత్స చేయించుకుంటున్నారు. ఇది మంచిదే. కానీ ఇంట్లో ఉన్నప్పుడు సలహాలు చెప్పేవాళ్లు ఎక్కువవుతారు. ఉత్తరాలన్నీ చదివాక నాకు బాధ కలిగించిన మాట ఒకటుంది. "ప్రాణమే పోయేలా ఉన్నప్పుడు చర్మం గురించి డాక్టరును ఏమడుగుతాం?" అని దాదాపు అందరూ రాశారు. దయచేసి అడగండి. చెప్పకుండా దాచిన పుండు వల్ల మధ్యలో ఆగిపోయిన చికిత్సలను నేను చర్మవైద్యురాలిగా ఎన్నోసార్లు చూశాను. మొదట్లోనే చెబితే, చాలావరకు చికిత్స ఆగకుండానే చర్మాన్ని కాపాడుకోవచ్చు.

ప్రశ్న: నా భార్యకు 46 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో అయ్యాక ఇప్పుడు కరెంటు పెడుతున్నారు. 16 రోజులు పెట్టాలన్నారు, 11 అయ్యాయి. కరెంటు పెట్టినన్నాళ్లు అక్కడ నీళ్లు తగలకూడదని పక్క గదిలో ఉండేవాళ్లు చెప్పారు. అందుకని రెండు వారాలుగా ఛాతీ మీద నీళ్లు పోసుకోవడం లేదు. చంక కింద నల్లబడి, దురదగా, మంటగా ఉంది. మా అక్క వేపనూనెలో పసుపు కలిపి రాస్తోంది. డాక్టరుకు చెబితే కరెంటు ఆపేస్తారని నా భార్య చెప్పనివ్వడం లేదు. పిల్లలను కూడా దగ్గరికి రానివ్వడం లేదు.
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: రేడియేషన్ చికిత్సను మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారు. మాట వాడుకలో స్థిరపడిపోయింది కాబట్టి దాన్ని మార్చాలని నేను అనను. అయితే మీ ఇంట్లోని భయాలు చాలావరకు ఆ మాటలో నుంచే పుట్టాయి. కరెంటు అనగానే, తడి చేత్తో స్విచ్చి ముట్టుకోవద్దని చిన్నప్పటి నుంచీ విన్నది గుర్తుకొస్తుంది. అందుకే నీళ్లు తగిలితే ప్రమాదమన్న మాట అంత సులభంగా నమ్మకమైపోయింది. నిజానికి ఆ యంత్రం నుంచి వచ్చేది విద్యుత్తు కాదు, ఎక్స్‌రే తీసేటప్పుడు వాడే కిరణాల వంటివే, వాటికంటే ఎంతో శక్తిమంతమైనవి. యంత్రం ఆగిన క్షణంలో ఆ కిరణాలూ ఆగిపోతాయి. ఇలా బయటి నుంచి ఇచ్చే చికిత్సలో మీ భార్య ఒంట్లో ఏమీ మిగిలి ఉండదు కాబట్టి, ఆమె పిల్లలను దగ్గరకు తీసుకోవచ్చు, పక్కన పడుకోబెట్టుకోవచ్చు, వాళ్లకు అన్నం కలిపి పెట్టవచ్చు. ఈ ఒక్క విషయం మాత్రం ఈరోజే ఆమెకు చదివి వినిపించండి.

ఇక స్నానం సంగతి. గోరువెచ్చని నీళ్లు, సువాసన లేని మెత్తటి సబ్బు వాడి మెల్లగా కడుక్కోవడం వల్ల చర్మం మరింత చెడదని పరిశోధనల్లో తేలింది. కడుక్కోకపోతేనే చెమట, మురికి, రాసిన నూనె మడతల్లో పేరుకుని దురద, ఇన్ఫెక్షన్ పెరుగుతాయి. పీచు, స్పాంజి, సున్నిపిండి వాడకండి. అరచేతితోనే కడిగి, మెత్తటి నూలు బట్టతో రుద్దకుండా అద్దండి. మన ప్రాంతంలో చాలాచోట్ల బోరు నీళ్లు గడుసుగా ఉంటాయి, సబ్బు ఒక పట్టాన వదలదు. కాబట్టి సబ్బు తక్కువగా వాడి, నీళ్లు రెండుసార్లు ఎక్కువ పోసుకోవడం మేలు. చికిత్స కోసం చర్మం మీద గీసిన గుర్తులను రుద్దకండి. చెరిగినట్టు అనిపిస్తే ఇంట్లో పెన్నుతో దిద్దకుండా మరునాడు అక్కడి సిబ్బందికి చెప్పండి.

పసుపు, వేపనూనె వెంటనే మానేయండి. మీ అక్కగారి ప్రేమను నేను తప్పుపట్టడం లేదు, పసుపును మనం ఎంత పవిత్రంగా చూస్తామో నాకు తెలుసు. అయితే రేడియేషన్ తగిలిన చర్మం మామూలు చర్మం కాదు. దాని పై పొర పలచబడి ఉంటుంది, అది దేన్నీ ఓర్చుకోలేదు. పైగా పసుపు రంగు కింద ఎరుపు ఎంత పెరిగిందో డాక్టరుకు కనిపించదు. పౌడరు కూడా వద్దు. చంకలోని తడికి అది ఉండలు కట్టి ఒరుసుకుంటుంది.

ఇది ఎందుకు వస్తుందో తెలిస్తే కంగారు తగ్గుతుంది. మన చర్మం అడుగు పొరలో కొత్త కణాలు పుడుతూ, పైకి జరుగుతూ, సుమారు నాలుగు వారాల్లో పై పొరగా మారి రాలిపోతుంటాయి. రేడియేషన్ ఆ అడుగు పొరను దెబ్బతీస్తుంది. రాలిపోయేవి రాలుతూనే ఉంటాయి, వాటి చోటుకు వచ్చేవి తగ్గుతాయి. అందుకే మొదటి వారంలో ఏమీ కనిపించక, రెండు మూడు వారాల నుంచి ఎరుపో నలుపో మొదలవుతుంది. ఇదే కారణంగా చివరి రోజు అయిపోయిన తర్వాత కూడా వారం పది రోజుల పాటు ఇంకాస్త ఎక్కువ కావచ్చు. ఈ మాట ముందుగా తెలియక, చికిత్స ముగిసి ఇంటికి చేరాక చర్మం ఊడుతుంటే హడలిపోయేవారు ఎందరో ఉన్నారు. సాధారణంగా ఆ తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో మానిపోతుంది, నలుపు తగ్గడానికి మాత్రం నెలలు పడుతుంది.

మీ భార్యకు చంకలో, రొమ్ము కింది మడతలో ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే తడి, ఒరిపిడి, చెమట మూడూ అక్కడే కలుస్తాయి. బిగుతు జాకెట్టు, లోపలి బట్టల అంచులు అక్కడే కోస్తాయి. ఈ కొన్ని వారాలు మీ పాత నూలు చొక్కా ఒకటి ఆమెకు ఇవ్వండి, ఉతికి ఉతికి మెత్తబడినదైతే మరీ మంచిది. మెడ కింద కూడా రేడియేషన్ ఇస్తుంటే, మంగళసూత్రం గొలుసు గానీ పసుపుతాడు గానీ ఆ చోట ఒరుసుకుంటుంది. తీసి దేవుడి గదిలో పెట్టుకోవడానికి మనసు ఒప్పుకుంటే అదే మేలు. ఒప్పుకోకపోతే చర్మానికి తగలకుండా చొక్కా మీదుగా వేసుకుని, యంత్రం గదిలోకి వెళ్లేముందు సిబ్బంది చెప్పినట్టు చేయమనండి. ఆమెకు ఇష్టం లేనిది మాత్రం ఎవరూ బలవంతం చేయవద్దు.

సువాసన లేని తేమ క్రీమును రోజుకు రెండుసార్లు పలచగా రాయవచ్చు. చికిత్సకు ముందు ఎంతసేపటి వరకు రాయవచ్చో ఒక్కో ఆసుపత్రిలో ఒక్కో పద్ధతి ఉంటుంది, మీ చోట చెప్పినదే పాటించండి. మంట, దురద ఎక్కువగా ఉంటే మోమెటసోన్ వంటి స్టెరాయిడ్ క్రీము వాడమని డాక్టరు చెప్పవచ్చు. రొమ్ముకు రేడియేషన్ తీసుకునేవారిలో అది ఈ బాధను తగ్గిస్తుందని రుజువైంది. అంతమాత్రాన మందుల షాపులో అడిగి సొంతంగా తెచ్చుకోకండి, చర్మం చిట్లి రసి కారుతున్నచోట దాని సంగతి వేరు. రసి కారడం మొదలైతే ఊదారంగు మందు పూయకండి, అంటుకునే ప్లాస్టరు వేయకండి. పుండుకు అతుక్కోని మెత్తటి కట్టు వేరే ఉంటుంది, దాన్ని నర్సు వేస్తారు.

చెబితే ఆపేస్తారన్న భయానికి జవాబు ఇది: ఎరుపు, నలుపు, దురద, పొట్టు రాలడం వంటివాటికి రేడియేషన్ ఆపరు. వారానికి ఒకసారి డాక్టరు చూసేది ఇలాంటివి కనిపెట్టడానికే. దాచిపెట్టి, మడతలో పెద్ద పుండై, చీము పట్టి, జ్వరం వస్తేనే ఆపాల్సిన పరిస్థితి ఏర్పడుతుంది. అలా మధ్యలో విరామాలు రావడం చికిత్సకు మంచిది కాదు. ఇంకా 5 రోజులే ఉన్నాయి. రేపే చూపించండి.

ప్రశ్న: నాకు పేగు క్యాన్సర్ ఆపరేషన్ అయింది. కాపెసిటాబిన్ మాత్రలు 14 రోజులు వేసుకుని 7 రోజులు ఆపమన్నారు. ఇది రెండో విడత. అరచేతులు ఎర్రబడి తిమ్మిరిగా ఉన్నాయి, పాదాలు నిప్పుల మీద నడిచినట్టు మండుతున్నాయి. సీజన్‌లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి కాయలు కోసే పనికి పోతాను. ఇప్పుడు కత్తి పట్టుకోలేకపోతున్నాను. ఒళ్లు వేడి చేసిందని అందరూ అంటే ఆముదం రాసుకుని మజ్జిగ తాగుతున్నాను. వేడి తగ్గాలని పూటకు ఒక మాత్ర తగ్గించాను. సరేనా?
– ఒక పాఠకురాలు, బంగారుపాళ్యం

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో చేతుల నొప్పి కంటే చివరి మాటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. మాత్రలు మీరుగా తగ్గించకండి. ఈ ఇబ్బంది ఒంటి వేడి వల్ల వచ్చింది కాదు. ఆ మందు వల్ల అరచేతులకు, అరికాళ్లకు వచ్చే ఈ తాపానికి వైద్యంలో ఒక పేరుంది, దాని తీవ్రతను కొలిచే పద్ధతి ఉంది, ఏ దశలో ఏం చేయాలో నియమం ఉంది. తిమ్మిరి, కొద్దిపాటి ఎరుపు మాత్రమే ఉంటే క్రీములు రాస్తూ మాత్రలు కొనసాగిస్తారు. మీకులాగా నొప్పితో రోజువారీ పనికి అడ్డం వచ్చిందంటే, డాక్టరు మాత్రలను కొన్నాళ్లు పూర్తిగా ఆపి, చేతులు కుదుటపడ్డాక మళ్లీ మొదలుపెడతారు, అవసరమైతే మోతాదు తగ్గిస్తారు. అలా లెక్క ప్రకారం ఆపినందువల్ల చికిత్స చెడిపోదు. మీరు చెప్పకుండా తగ్గిస్తే మాత్రం, మీరు పూర్తి మోతాదు వేసుకుంటున్నారని అనుకునే ఆయన తర్వాతి లెక్కలన్నీ వేస్తారు. ఈ పుస్తకం పక్కన పెట్టి, మందు రాసిన చోటికి ఇప్పుడే ఫోన్ చేయండి.

ఆముదం వల్ల పగలని చర్మానికి హాని లేదు, అయితే మీకు కావలసిన పని అది చేయదు. గట్టిపడిన చర్మాన్ని మెత్తపరిచి తేమ నిలిపేది 10 శాతం యూరియా ఉన్న క్రీము. దాన్ని పూటపూటా అరచేతులకు, అరికాళ్లకు రాసుకోవాలి. చర్మం పగిలి పచ్చిగా ఉన్నచోట మాత్రం మండుతుంది, అక్కడ వద్దు. ఈ విషయంలో మన దేశంలోనే మంచి పరిశోధన జరిగింది. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు కాపెసిటాబిన్ తీసుకుంటున్న 264 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు మనం మోకాళ్ల నొప్పులకు పూసుకునే 1 శాతం డైక్లోఫెనాక్ జెల్‌ను, రెండో జట్టుకు మందు లేని జెల్‌ను రోజుకు రెండుసార్లు చేతులకు పూయించారు. 2024లో వెలువడిన ఫలితాల ప్రకారం, పనికి అడ్డం వచ్చేంత బాధ మందు లేని జెల్ పూసుకున్నవారిలో 15 శాతం మందికి రాగా, డైక్లోఫెనాక్ పూసుకున్నవారిలో 3.8 శాతం మందికే వచ్చింది. ఇంత చవకైన, ఊరి మందుల షాపులో కూడా దొరికే జెల్‌తో ఈ మేలు జరగడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. అయితే ఇది రాకుండా ఆపడానికి చేసిన పరిశోధన. ఇప్పటికే బాధ ముదిరిన మీరు, కుదుటపడి మళ్లీ మాత్రలు మొదలుపెట్టేటప్పుడు దీని గురించి మీ డాక్టరును అడగండి. కిడ్నీ జబ్బు గానీ, నొప్పి మాత్రలు పడకపోవడం గానీ ఉంటే తప్పకుండా చెప్పండి.

ఇక పని. ఈ మందు తీసుకునేటప్పుడు వేడి, ఒరిపిడి, ఒత్తిడి ఎక్కడ పడితే అక్కడ చర్మం ముందుగా దెబ్బతింటుంది. మీ పనిలో మూడూ ఉన్నాయి, పైగా తోతాపురి కాయ సొన ఉంది. ఆరోగ్యంగా ఉన్నవారి చేతులనే సొన పొక్కించడం మీకు తెలియనిది కాదు. సీజన్ కూలి పోతే ఇంటికి ఎంత లోటో నేను ఊహించగలను, అయినా ఈ మాత్రలు పూర్తయ్యేదాకా కోత పని వద్దనే చెబుతాను. మేస్త్రీతో మాట్లాడి, కత్తి పట్టనవసరం లేని కూర్చుని చేసే పని ఏదైనా ఇస్తారేమో అడగండి. డాక్టరు రాసిచ్చిన చీటీ చూపిస్తే మాట చెల్లవచ్చు.

ఇంట్లో సంగటి ఉండలు చేసే పని మరొకరికి అప్పగించండి. ఉడుకుడుకు సంగటిని తడి చేత్తో చుట్టడం, తెడ్డుతో గట్టిగా కెలకడం రెండూ మీ చేతులకు ఇప్పుడు శత్రువులే. అంట్లు తోమక తప్పకపోతే లోపల నూలు గ్లౌజులు, వాటి మీద రబ్బరు గ్లౌజులు వేసుకుని, చల్లని నీళ్లతో తోమండి. వేన్నీళ్లలో చేతులు పెట్టకండి. మంట ఎక్కువైనప్పుడు చల్లని నీళ్లలో పది నిమిషాలు పాదాలు ఉంచి, తుడిచి, క్రీము రాయండి. ఐసు ముక్క నేరుగా పెట్టకండి. వాకిట్లోకైనా చెప్పులు లేకుండా పోకండి, ఆ చెప్పులు కూడా అరికాలి కింద మెత్తగా, పైన వదులుగా ఉండాలి. ఇంకొక మాట. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోవాలని ఉంటుంది. పెట్టుకుంటే చేతి ఎరుపు గోరింటాకుదో మందుదో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఈ ఏడాదికి మానుకోండి.

ప్రశ్న: మా వదినకు లింఫోమాకు (లింఫు గ్రంథుల క్యాన్సర్‌కు) కీమో జరుగుతోంది. నిన్నటి నుంచి ఛాతీకి ఒకవైపున మాత్రమే బారుగా నీటి పొక్కులు లేచాయి, భరించలేని మంట. అక్కి అని చెప్పి కావి పూయించారు. అమ్మవారేమోనని ఇంట్లో తాలింపు కూడా వేయడం లేదు. మందులు వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, నగరి

జవాబు: ఈ ఉత్తరం అచ్చయ్యేదాకా ఆగేది కాదు కాబట్టి, అందిన రోజే ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లమని చెప్పాం. ఇలాంటిది మరో ఇంట్లో జరిగితే ఉపయోగపడాలని ఇక్కడ రాస్తున్నాను.

సర్పి అనీ, తమిళం కలిసిన మన సరిహద్దు ఊళ్లలో అక్కి అనీ పిలిచేది ఇదే. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు ఒంట్లోకి చేరిన క్రిమి, జబ్బు తగ్గాక కూడా నరాల మొదట్లో దాక్కుని ఉంటుంది. కీమో వల్ల రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు అది ఒక నరం వెంబడి బయటికి వస్తుంది. ఒకవైపే, పట్టీ వేసినట్టుగా పొక్కులు రావడానికి కారణం అదే. కొందరికి పొక్కులకు రెండు మూడు రోజుల ముందే ఆ చోట పోటు, మంట మొదలవుతాయి. దీనికి ఎసైక్లోవిర్ వంటి మంచి మందులున్నాయి. పొక్కులు కనిపించిన 72 గంటల లోపు మొదలుపెడితే ఎక్కువ మేలు. ఆ గడువు దాటినా కీమో తీసుకునేవారికి ఇవ్వాల్సిందే. వీరిలో క్రిమి ఒళ్లంతా, ఊపిరితిత్తులకు కూడా పాకే ప్రమాదం ఉంది కాబట్టి ఒక్కోసారి ఆసుపత్రిలో ఉంచి సెలైన్ ద్వారా ఇస్తారు. నుదుటి మీద, కంటి దగ్గర, ముక్కు కొన మీద పొక్కులు వస్తే కంటి చూపుకే ముప్పు, ఆ రోజే కంటి డాక్టరు కూడా చూడాలి.

కావి, పసరు, వేపాకు ముద్ద పొక్కుల మీద పెట్టకండి, చిట్లితే చీము పడుతుంది. పొక్కులు ఎండి పెచ్చు కట్టేదాకా వాటిపై పలచని బట్ట కప్పి, ఆటలమ్మ రాని పసిపిల్లలను, గర్భిణులను, చికిత్సలో ఉన్న ఇతర రోగులను దూరంగా ఉంచండి. గంగమ్మకు మొక్కుకోండి, మంచం పక్కన వేపమండ పెట్టుకోండి, వద్దని నేను ఎప్పుడూ అనలేదు. మందు వాడితే అమ్మవారికి కోపం వస్తుందన్న మాట మాత్రం నమ్మకండి.

ప్రశ్న: మా నాన్నకు 63 ఏళ్లు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు జెఫిటినిబ్ మాత్ర వేసుకోవడం మొదలుపెట్టి పది రోజులైంది. ముఖం, ఛాతీ నిండా మొటిమలు వచ్చాయి. మొటిమల క్రీము రాస్తే ఇంకా మండి, పొట్టు రేగింది. సిగ్గుపడి ఇల్లు దాటి రావడం లేదు.
– ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: చూడటానికి మొటిమల్లా ఉన్నా అవి మొటిమలు కావు. క్యాన్సర్ కణం ఏ మీట ద్వారా పెరుగుతుందో ఆ మీటను ఈ మాత్ర నొక్కిపెడుతుంది. అదే మీట మన చర్మానికి కూడా అవసరం. అందువల్ల చర్మం పొడిబారి, వెంట్రుక కుదుళ్లు వాచి, సాధారణంగా మొదటి రెండు వారాల్లో ఇలా పొక్కులు లేస్తాయి. కుర్రవాళ్ల మొటిమలకు వాడే క్రీములు జిడ్డును ఎండబెట్టేవి. మీ నాన్నగారి చర్మంలో ఎండబెట్టడానికి జిడ్డే లేదు కాబట్టి అవి మంట పెడతాయి. వాటిని ఆపేసి, రోజుకు రెండుసార్లు సువాసన లేని తేమ క్రీము రాయండి. డాక్టరు డాక్సీసైక్లిన్ మాత్రలు, తక్కువ శక్తి గల స్టెరాయిడ్ క్రీము కొన్ని వారాలకు రాస్తారు, వాటితో చాలామందికి తగ్గుతుంది. మన ఎండలకు ఈ పొక్కులు రెట్టింపవుతాయి. బయటికి వెళ్లేముందు ఎస్‌పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్ రాసి, తలపాగా గానీ గొడుగు గానీ వాడమనండి. బ్లేడుతో గడ్డం గీసుకోకుండా ట్రిమ్మరు వాడటం మంచిది. గోరు పక్కన వాచి నొప్పి పెడితే అది కూడా ఈ మందు వల్లే, పుల్లలతో గుచ్చకుండా చూపించండి.

ఆయనతో ఒక మాట చెప్పండి. ఈ పొక్కులు వచ్చినవారిలో మందు బాగా పనిచేస్తున్నట్టు అనేక పరిశోధనల్లో కనిపించింది. రానివారికి పనిచేయదని దానర్థం కాదు. ముఖం చూసి ఎవరైనా అడిగితే మందు ఒంటబట్టిందని చెప్పమనండి. నోరు, కళ్లు కూడా పుండ్లు పడటం, చర్మం పొరలుగా ఊడిపోవడం జరిగితే మాత్రం అది వేరే ప్రమాదం, మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి రావాలి.

ప్రశ్న: క్యాన్సర్ మాత్రలు మొదలుపెట్టాక మా అమ్మకు పింఛను యంత్రంలో వేలిముద్ర పడటం లేదు. ఆధార్ పాడైందా?
– ఒక పాఠకుడు, కుప్పం

జవాబు: ఆధార్ పాడవలేదు. మీరు రాసిన మాత్ర కాపెసిటాబినే. పైన చెప్పిన చేతుల తాపం పదేపదే వచ్చినప్పుడు వేలి కొనల మీది గీతలు అరిగిపోతాయి. ఈ మందు వాడుతున్న సింగపూర్ వాసి ఒకరిని, వేలిముద్రలు లేవని అమెరికా విమానాశ్రయంలో గంటల తరబడి ఆపిన సంగతి 2009లో వైద్య పత్రికలో వచ్చింది. కంటిపాప ద్వారా గానీ ముఖం ద్వారా గానీ ఆధార్ ధ్రువీకరణ చేసే వీలుంది, సచివాలయంలో అలా చేయమని అడగండి. డాక్టరు చేత ఒక ధ్రువపత్రం కూడా రాయించి దగ్గర ఉంచుకోండి. మాత్రలు ఆపాక చాలామందికి గీతలు తిరిగి వస్తాయి. ముద్ర బాగా పడాలని వేళ్లను రాతికి రుద్దడం, సున్నం పూయడం చేయకండి.

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. వచ్చే వారం కీమో మొదలవుతుంది. ఎలాగూ జుట్టు రాలిపోతుందన్నారు కదా, ఆ జుట్టేదో స్వామికే ఇస్తానంటోంది. అలిపిరి మెట్లెక్కి వెళ్లి తలనీలాలు ఇస్తానని మొక్కుకుంది. వెళ్లనివ్వవచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ అమ్మగారి మాట చదివి చాలాసేపు ఆగిపోయాను. దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా జుట్టు ఊడివస్తుంటే చూడలేక ఏడ్చే తల్లులను రోజూ చూస్తుంటాను. పోయేదాన్ని తానే ముందుగా ఇవ్వాలనుకోవడం ఆమెకు ఎంతో బలాన్నిస్తుంది. ఇవ్వనివ్వండి, కానీ ఇప్పుడే, కీమో మొదలుకాకముందే. జుట్టు సాధారణంగా మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకు రాలుతుంది. అప్పుడు గుండు చేయించుకుందామని ఆగితే, కీమో అయిన 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు బాగా తగ్గి ఉంటాయి కాబట్టి, కత్తి గాటు చిన్నదైనా ఇన్ఫెక్షన్‌కు దారి కావచ్చు. ఇప్పుడైతే గాట్లు పడినా మొదటి కీమో నాటికి మానుతాయి. కల్యాణకట్టలో తన తలకు కొత్త బ్లేడు వేయించుకోమనండి. గుండుకు చందనం పూయించుకోవడం మన అలవాటు, గాట్లు ఉన్నచోట మాత్రం వద్దు. అక్కడ శుభ్రమైన నీళ్లతో కడిగి వదిలేస్తే చాలు.

ఈ వారం కుదరకపోతే కీమో మొదలయ్యాక కొండకు పోయి గుండు చేయించవద్దు. ఇంట్లోనే ట్రిమ్మరుతో జుట్టు పొట్టిగా తీయండి. మొక్కు మిగిలిపోతుందని ఆమె బాధపడితే, ఇప్పుడు మూడు కత్తెరలు ఇచ్చి, తలనీలాలు చికిత్స అంతా అయ్యాక ఇవ్వవచ్చు. చివరి కీమో అయిన ఒకటి నుంచి మూడు నెలల్లో జుట్టు మళ్లీ మొలుస్తుంది. మొదట్లో మెత్తగానో ఉంగరాలుగానో, రంగు తేడాగానో ఉండవచ్చు.

మెట్ల విషయంలో ఒప్పుకోలేను. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి, శ్రీవారి మెట్టు దారిలో 2,388 ఉన్నాయి. కీమోకు వారం ముందు వట్టి కాళ్లతో అన్ని మెట్లెక్కి, అరికాళ్లు బొబ్బలెక్కితే, ఆ పుండ్లతోనే చికిత్స మొదలుపెట్టాల్సి వస్తుంది. బస్సులో వెళ్లమనండి. మిట్టమధ్యాహ్నం కాకుండా ఉదయమే వెళ్లి, తల మీద మెత్తటి నూలు బట్ట కప్పుకోవాలి, కొత్త గుండు మీద ఎండ పడితే ఒక్క పూటలో కమిలిపోతుంది. మెట్ల మొక్కు ఏడాది తర్వాతైనా తీర్చుకోవచ్చు. కొండ దిగాక తల, అరికాళ్లు ఒకసారి మీ కంటితో చూసి, ఎక్కడైనా ఎర్రగా గానీ తడిగా గానీ ఉంటే కీమోకు వెళ్లిన రోజు సూది గుచ్చక ముందే అక్కడి నర్సుకు చూపించండి.